ఐదో పేరు

నేను రాసిన మొట్టమొదటి నేరకథ కింద నా పేరు లేదు. ఒక రైతు ఎడమచేతి బొటనవేలి ముద్ర ఉంది. అది ఏ వారపత్రికలోనూ అచ్చు కాలేదు, పోలీసు స్టేషన్లో నమోదయింది. ఆ తర్వాత ముప్ఫైకి పైగా క్రైం నవలలు రాశాను. ఆ ఒక్క పేజీ చేసినంత పని వాటిలో ఏదీ చేయలేదు. సభల్లో ఎవరో ఒకరు లేచి "మీకు ఈ నేరాల మీద ఆసక్తి ఎలా మొదలైందండీ" అని అడుగుతారు. చిన్నప్పుడు బస్టాండు పక్క కొట్లో అద్దెకు తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ పుస్తకాల సంగతి చెప్పి కూర్చుంటాను. అదేమీ అబద్ధం కాదు. కానీ అడిగినవాళ్ళ మీద ఊరికే కోపం వస్తుంది, ఆ రోజంతా ఏ పనీ కుదురుగా చేయలేను.

మాది గురజాల. మా నాన్న కోర్టు దగ్గర అర్జీలు, రిపోర్టులు రాసేవాడు. పల్నాట్లో ఊరికి రెండు పార్టీలుంటాయి, కాలవ దగ్గరో గట్టు దగ్గరో తలలు పగులుతాయి. పగిలిన తలకు కట్టు కట్టించుకున్నాక నేరుగా స్టేషన్‌కి పోరు. ముందు రిపోర్టు రాయించుకుంటారు. మేము సాయిబులం. మాకు పొలం లేదు, నీళ్ళలో వాటా లేదు, ఏ పార్టీలోనూ మావాళ్ళు లేరు. అందుకని రెండు పార్టీలవాళ్ళూ మా నాన్న దగ్గరికే వచ్చేవాళ్ళు. పొద్దున కొట్టినవాళ్ళూ, మధ్యాహ్నం దెబ్బలు తిన్నవాళ్ళూ మా ఇంటి ముందు నాపరాయి అరుగు మీదే కూర్చుని, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు అదే చెంబుతో తాగిన రోజులున్నాయి.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త రోజులవి. నాకు పద్దెనిమిది నిండలేదు. ఇంటర్‌లో ఫిజిక్సు పోయింది, మళ్ళీ పరీక్ష రాయాలి. పుస్తకం తెరిస్తే ఒళ్ళు మండేది. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి అరుగు మీదికి, అరుగు మీంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్ళీ ఇంట్లోకి తిరిగేదాన్ని. "ఒకచోట కూచోవే! నీ కాళ్ళ కింద రాళ్ళు అరిగిపోతున్నయ్," అని మా అమ్మ అరిచేది. నాకేం కావాలో నాకు తెలియదు. ఏదో జరగాలి, అది నా వల్ల జరగాలి, అంతే.

నన్ను కాసేపు కూర్చోబెట్టగలిగేవి ఆ రిపోర్టులే. తలుపు పక్కన చేరి వినేదాన్ని. వచ్చినవాడు గొడవను అరుస్తూ, ఏడుస్తూ, చేతులు ఊపుతూ చెప్పేవాడు. మా నాన్న అదంతా విని, ఉప్పూ కారం లేకుండా నాలుగు వాక్యాలు రాసేవాడు. "సదరు వ్యక్తులు మారణాయుధములు ధరించి గుంపుగా వచ్చి" అని మొదలు, "చదివి వినిపించగా నిజమని ఒప్పుకుని వేలిముద్ర వేసితిని" అని ముగింపు. ఆ రిపోర్టుల్లో ఎవరికీ ముఖం ఉండదు, గొంతు ఉండదు. అద్దె పుస్తకాలు నమిలి మింగిన నాకు అది చూస్తే జాలి వేసేది. ఇరవై ఏళ్ళుగా రాస్తున్న మనిషికి రాయడం రాదని నా గట్టి నమ్మకం. పిట్ట కొంచెం కూత ఘనం అంటే నేనే.

ఆ ఎండాకాలం మా నాన్నకు కంట్లో శుక్లం తీశారు. ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టారు, రెండో కంటికీ చూపు అంతంత మాత్రమే. నెలా నెలన్నర దాకా కాగితం వంక చూడొద్దన్నారు. వచ్చేవాళ్ళు రాకుండా ఉంటారా? ఆయన చెప్పడం, నేను రాయడం మొదలయింది. నా దస్తూరి బాగుంటుంది. మొదటి రెండు వారాలు ఆయన చెప్పిన అక్షరం చెప్పినట్టే రాశాను.

ఒక మధ్యాహ్నం మాచవరం దిక్కు ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన ఆ ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద, తెల్ల పంచె, బుజాన తువ్వాలు. రెండో ఆయన ఆ పెద్దాయన పార్టీలోని రైతు, కుడి మోచెయ్యి విరిగి కట్టుతో ఉన్నాడు. ముందు రోజు కాలవ నీళ్ళ వంతు దగ్గర గొడవయింది. ఎదుటి పార్టీవాళ్ళు నలుగురు వచ్చి కొట్టారు. ఎవరు ఏ కర్రతో ఎక్కడ కొట్టారో ఒక్కొక్కటే చెప్పారు. మోచెయ్యి విరగ్గొట్టింది రెండోవాడు. మా నాన్న చెప్పాడు, నేను రాశాను.

"ఇంకొకడుండాడు సాయిబు గారూ," అన్నాడు పెద్దాయన. "వాళ్ళ పెద్దోడి కొడుకు. డిగ్రీ చదివినోడు."

"ఆ అబ్బాయి గొడవలో ఉన్నాడా?" అని అడిగాడు నాన్న.

"ఉంటే ఏంది, లేకపోతే ఏంది? సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందంట వాడికి. రేపో మాపో ఆర్డరొస్తది. చేతికి వాచీ కట్టుకోని, ఇస్త్రీ చొక్కా ఏసుకోని మా ముందే తిరుగుతుంటే మావోళ్ళకి అన్నం సహించటంలా. ఎక్కించండి."

ఇది మా వైపు కొత్త సంగతి కాదు. కర్ర పట్టినవాడు జైలుకు పోతే ఎదుటి పార్టీకి పెద్ద నష్టం లేదు, వాడు రెండు నెలల్లో తిరిగొచ్చి మళ్ళీ కర్ర పడతాడు. చదువుకున్నవాడి పేరు ఎక్కిస్తేనే వాళ్ళకు కడుపు కాలుతుంది. అందుకని ప్రతి రిపోర్టులోనూ చివర గొడవ సంగతే తెలియని ఒక పేరు వచ్చి చేరేది. మా నాన్న ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజూ అనలేదు. "మరియు ఐదవ వ్యక్తి కూడా గుంపులో ఉన్నాడు," అని చెప్పి ఆపేశాడు. నన్ను మొత్తం చదవమని విని, సరే, శుభ్రంగా ఇంకో కాగితం మీద ఎత్తి ఇవ్వు అని, కంట్లో చుక్కలు వేయించుకోవడానికి లోపలికి పోయాడు.

నేను అరుగు మీద కూర్చుని ఎత్తి రాస్తున్నాను. నలుగురి వరకూ బాగానే ఉంది. ఐదోవాడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. వీడేంటి, ఊరికే నిలబడ్డాడు? అందరూ కొట్టుకుంటుంటే వీడు చేతులు వేలాడేసుకుని చూస్తున్నాడా? ఇట్లాంటి కథ ఎవరు నమ్ముతారు? నాకు ఆ మనిషి ఎవరో తెలియదు. ఆయన మీద కోపం లేదు, ఆ పెద్దాయన మీద ప్రేమా లేదు. చేతి దురద, అంతకు మించి ఏమీ లేదు. చదువుకున్న కుర్రాడు కాలవలో దిగితే ముందు ఏం చేస్తాడని ఆలోచించాను. రాశాను.

"ఐదవ వ్యక్తి గట్టుపై నిలబడి, తన చేతి వాచీ తడవకుండ విప్పి చొక్కా జేబులో వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ వరకు మడిచి, కాలువలో దిగి, పార తిరగేసి నా కుడి మోచేతిపై బలముగా కొట్టినాడు."

మోచెయ్యి అప్పటికే రెండోవాడి ఖాతాలో ఉంది కదా. రెండోవాడికి బుజం మీద ఒక దెబ్బ ఇచ్చి సరిపెట్టాను. విరిగిన మోచెయ్యి తీసి ఐదోవాడికి ఇచ్చాను. తర్వాత రోజుల్లో నవలల్లో నేను చేసే పని కూడా సరిగ్గా ఇదే, ఎవరి నేరం ఎవరికి ఇస్తే బాగా పండుతుందో చూడటం.

ఇద్దరికీ చదివి వినిపించాను. దెబ్బ తిన్న మనిషి ఐదోవాడి దగ్గరికి వచ్చేసరికి తల ఊపడం మొదలుపెట్టాడు. "అవునవును," అన్నాడు, తనకిప్పుడే గుర్తొచ్చినట్టు. పెద్దాయన నా వంక తేరిపార చూశాడు.

"కళ్ళతో చూసినట్టుంది అమ్మాయ్! మీ నాయన గూడా ఇట్టా రాయలా ఎప్పుడూ."

దాచుకోవడం దేనికి, నాకు గాల్లో తేలినట్టయింది. ఆ తర్వాత శాలువాలు కప్పారు, దండలు వేశారు, అంత సంతోషం మళ్ళీ రాలేదు. దెబ్బ తిన్న మనిషి కాగితం కింద వేలిముద్ర వేశాడు. వాళ్ళు వెళ్ళిపోయాక పెరట్లో అటూ ఇటూ పచార్లు చేశాను. ఆ సాయంత్రం ఫిజిక్సు పుస్తకం కూడా విసుక్కోకుండా తెరిచాను.

నాన్న కట్టు విప్పి, మందపాటి అద్దాలు పెట్టుకుని మళ్ళీ కోర్టు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన వారంలోనే ఒక లాయరు గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. ఏదో కాగితం కోసం వచ్చి, పోతూ పోతూ అన్నాడు. "మాచవరం కేసు రిపోర్టు అదరగొట్టావయ్యా సాయిబూ. ఐదోవాడు ఈసారి తప్పించుకోలేడు. మోచెయ్యి విరగ్గొట్టింది వాడేనని ఛార్జిషీటులో ఎక్కింది. పదిహేను రోజులు సబ్‌జైల్లో ఉండి ఇప్పుడే బెయిలు మీద వచ్చాడు."

గుమాస్తా వెళ్ళాక నాన్న నన్ను పిలిచాడు.

"వాచీ సంగతీ, పార సంగతీ వాళ్ళు చెప్పారా?"

"లేదు. నేనే."

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆ పేరు నేను రాయనంటే వాళ్ళు ఇంకోడి దగ్గరికి పోతారు. వాడు పేరుతోపాటు చేతికి గొడ్డలి గూడా ఇస్తాడు. అందుకని నేను పేరు రాస్తా. చివర్న రాస్తా. వాడి చేతుల్లో ఏమీ పెట్టను, వాడితో ఏమీ చేయించను. చదివే ఎస్సైకి తెలుసు, లాయర్లకి తెలుసు. ఇది ఇరికించిన పేరు అని ఛార్జిషీటులో తీసేస్తారు. ఇరవై ఏళ్ళలో ఎంతమంది పిల్లోళ్ళు అట్టా బయటపడి ఉద్యోగాలకి పోయారో."

నాకు ఏడుపు, దాని వెనకే కోపం వచ్చాయి. "ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"చెప్పలా, నిజమే," అన్నాడు. "నువ్వు రాస్తావనుకున్నా గానీ కల్పిస్తావనుకోలా."

మర్నాడే ఆయన బస్సెక్కి ఆ ఊరు పోయాడు. రిపోర్టు నాది కాదు, మా అమ్మాయి కల్పించింది, ఆ మాట వెనక్కి తీసుకోండి అని ఆ పెద్దాయన్ని అడిగాడు. ఆయన నవ్వాడట. "ఇప్పుడు మార్చి చెప్తే మిగతా నలుగురి మీద గూడా కేసు పోద్ది సాయిబు గారూ. వదిలెయ్యండి. మీ అమ్మాయి బాగా రాసింది." దెబ్బ తిన్న మనిషి అయితే అప్పటికి నిజంగానే నమ్మేశాడు. వాచీ జేబులో పెట్టుకోవడం తను కళ్ళారా చూశానని నాన్నతోనే వాదించాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని మా అమ్మ తల కొట్టుకుంది. ఉద్యోగం ఆర్డరుకు ముందు పోలీసు వెరిఫికేషన్ వచ్చింది, కేసు ఉందని రాసి పంపారు. ఆర్డరు రాలేదు.

"నువ్వు పోయి ఆ అబ్బాయికి చెప్పు," అన్నాడు నాన్న. "కోర్టుకి పనికిరాకపోయినా సరే. అది ఎక్కడ్నించి వచ్చిందో వాడికి తెలవాలి."

నేను పోలేదు. రెండేళ్ళు పోలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మాచవరం బస్సు ఎన్ని గంటలకు వస్తుందో నాకు కంఠతా వచ్చు. బస్టాండు దాకా పోయి, బస్సు వచ్చాక దానివంక చూసి, అద్దె పుస్తకాల కొట్టు ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చేదాన్ని. పరీక్ష పాసయ్యాను, టైపు నేర్చుకున్నాను, ఏ పనిలోనూ మనసు నిలవలేదు. కథలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి కథా ఎవడో చెయ్యి ఎత్తే దగ్గరికి వచ్చి ఆగిపోయేది. ఎత్తిన చెయ్యి దించితే కథ లేదు, దించకపోతే నాకు ఊపిరాడేది కాదు. నాన్న ఆ కాగితాలు బల్ల మీద కనిపించినా ముట్టుకునేవాడు కాదు.

రెండేళ్ళ తర్వాత ఆ ఊళ్ళో పార్టీలు రాజీ పడ్డాయి. మా వైపు రాజీ అంటే కోర్టులో సాక్షులు మరిచిపోవడమే. ఆ రోజు నేను వెనక గోడకు ఆనుకుని చూశాను. దెబ్బ తిన్న మనిషి బోనులో నిలబడి, గుంపులో ఎవరు కొట్టారో తాను గుర్తుపట్టలేదన్నాడు. ఐదుగుర్నీ వదిలేశారు. ఐదోవాణ్ణి అప్పుడే మొదటిసారి చూశాను. నేను కాలవలో దింపిన మనిషి కంటే పొట్టి. బయటికి వచ్చాక మిగతా నలుగురూ నవ్వుకుంటూ టీ కొట్టుకు పోయారు, ఆయన ఒక్కడే బస్టాండు వైపు నడిచాడు. ఆ వారంలో నేను బస్సెక్కాను.

మిరప కోతలు అయిపోయి కాయలు ఎండబోసిన రోజులు. వాళ్ళ కళ్ళం ఊరి చివర. ఒక పక్క ఆయన ఎండిన కాయల్ని గోతాల్లోకి తొక్కుతున్నాడు. దూరంగా చిన్న పందిరి కింద వాళ్ళమ్మ కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. నేనెవరో, ఎవరి కూతురినో చెప్పాను. తర్వాత ఒక్క గుక్కలో మిగతాదంతా చెప్పాను.

"ఆ వాచీ రాసింది నువ్వా?" అన్నాడు. "నకలు తెప్పించుకుని ఎన్నిసార్లు చదివానో. ఎవురో నన్ను బాగా ఎరిగినోళ్ళే రాశారనుకున్నా."

"నన్ను తిట్టన్నా," అన్నాను.

"తిట్టి ఏం చేసుకోను? ఉద్యోగం పోయింది, వయసూ దాటింది." గోతం మూతి బిగించి కట్టాడు. "ఒక్క పని చెయ్. నాకు కాదు, మా అమ్మకు చెప్పు. కోర్టు వదిలేసినా ఆమె వదలటంలా. ఇంట్లో నాతో సరిగా మాట్లాడి రెండేళ్ళయింది."

పందిరి కిందికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. ఆ రిపోర్టులో మీ అబ్బాయి గురించి ఉన్నదంతా నా కల్పనే, ఆయన అక్కడ లేడు, అప్పటికి నేను ఆయన్ని చూసి కూడా ఎరగను అన్నాను. ఆమె కాయలు ఏరుతూనే వింది. మంచి కాయ ఒక పక్క, తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్క.

"వాడు పంపిస్తే వచ్చావా అమ్మా?" అంది.

"లేదమ్మా. నేనే వచ్చాను."

"ఆ వాచీ వాడు పరీక్ష పాసైతే నేనే కొనిచ్చా. నీళ్ళలో చెయ్యి పెట్టాల్సొస్తే ముందు దాన్ని విప్పి చొక్కా జేబులో ఏసుకుంటాడు. ఇంట్లో ముఖం కడుక్కునేటప్పుడు గూడా అంతే. అది నాకు తెలుసు, వాడికి తెలుసు. నువ్వు ఎట్టా కల్పిస్తావు? చూసినోళ్ళు చెప్తేనే రాసుంటావు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ రోజు పిడుగురాళ్ళ పోయానంటడు, సర్టిఫికెట్ల మీద సంతకాలకి. ఆఫీసరు లేడంట, తిరిగొచ్చాడంట. ఒక్క కాయితం మీదన్నా సంతకం లేదు. కొట్టుకునేవాళ్ళ జోలికి పోనని నా తల మీద చెయ్యేసి చెప్పాడు వాడు."

నేను ఒట్టు పెట్టాను. నాకు తోచిందంతా చెప్పాను. చేతికి వాచీ ఉన్న ఎవరైనా అట్లాగే చేస్తారమ్మా, నేను ఊహించి రాశాను అన్నాను. నిజం చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది, మాటలు తడబడ్డాయి. రిపోర్టు చదివి వినిపించిన రోజున ఒక్క మాటా తడబడలేదు. ఆమె అంతా విని, చేతిలో కాయలు కింద పెట్టి నా మణికట్టు పట్టుకుంది.

"నేనెవురికీ చెప్పను. నిజం చెప్పమ్మా, రాసినదానివి నీకు తెలవదా? అంత గట్టిగా కొట్టాడా? ఎముక విరిగేట్టు కొట్టాడా నా కొడుకు?"

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చూస్తోంది. రెండేళ్ళుగా ఆమెను తింటున్నది ఉద్యోగం కాదు, కోర్టు కాదు, ఆ దెబ్బ. నేను ఎంత మొత్తుకున్నా ఆమె చెవికి ఎక్కదని తెలిసిపోయింది. ఎక్కే మాట ఏదో కూడా తెలిసిపోయింది.

"లేదమ్మా," అన్నాను. "పార ఎత్తాడు. ఆ మనిషి ముఖం చూసి ఆగిపోయాడు. పార పక్కన పడేసి గట్టెక్కాడు. కొట్టింది రెండోవాడు."

గొంతు వణకలేదు. ఆమె నా చెయ్యి వదిలి, కొంగుతో ముఖం కప్పుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకు తెలుసు," అంది. "నా బిడ్డ కొట్టలేడు. నాకు తెలుసు."

నేను లేచి వెనక్కి తిరిగాను. ఆయన నీళ్ళ బిందెతో పందిరి రాట దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అంతా విన్నాడు. వాళ్ళమ్మ ముఖం తుడుచుకుని, రెండేళ్ళ తర్వాత మొదటిసారి కాబోలు, "రా నాయనా, కాసేపు నీడన కూచో," అని పిలిచింది.

ఆయన ఆమె వంక చూడలేదు. నా వంకే చూశాడు.

"మళ్ళా రాశావు," అన్నాడు.